సెల్లార్‌లో కుక్కపిల్ల

చిన్నా, బుజ్జీ,

మీ అమ్మ ఫోన్లో అంతా చెప్పింది. మీ సెల్లార్‌లో కుక్క ఈనిందట, నాలుగు పిల్లలట, తోక చివర తెల్లగా ఉన్నది మీదేనట. మీ నాన్న ఒప్పుకున్నాడంటే నాకింకా నమ్మకం కుదరడం లేదు.

కళ్ళు తెరిచింది కదా, తెచ్చేసుకుందాం అంటున్నారట. అప్పుడే వద్దు. పుట్టిన పది, పధ్నాలుగు రోజులకే కళ్ళు తెరుస్తాయి. తల్లి దగ్గర మాత్రం కనీసం 8 వారాలు ఉండాలి. పాల కోసమే కాదు. నాలుగూ కలబడి ఆడుకునేటప్పుడు ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యోమని ఆట మానేసి పోతుంది. ఎంత కొరికితే నొప్పి పుడుతుందో అలాగే తెలుస్తుంది. ఆ చదువు మనం చెప్పలేం.

ఈలోపు మీకో పని. హాల్లో బోర్లా పడుకుని దాని ఎత్తు నుంచి ఇల్లు చూడండి. సోఫా వెనక ఛార్జర్ వైరు, రబ్బరు బ్యాండ్లు, అమ్మ పిన్నీసులు, సింకు కింద బొద్దింకల మందు... అన్నీ తీసేయాలి. బాల్కనీ గ్రిల్లు సందులు కూడా చూడండి. తల పట్టే సందులో ఒళ్ళంతా కూడా పట్టేయొచ్చు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. మీ అమ్మకి ఎనిమిదేళ్ళప్పుడు ఒక గోధుమరంగు పిల్లని తెచ్చాను. ముచ్చటకొద్దీ రెండో రోజే వీధిలో దింపి అందరికీ చూపించాను. వారం తిరిగేసరికి తిండి మానేసింది. వాంతులు, తర్వాత నెత్తురు విరేచనాలు. మూడో రోజు పొద్దున చూస్తే గోనెసంచి మీద కాళ్ళు చాపుకుని పడి ఉంది, ఒళ్ళు చల్లగా. దిష్టి తగిలిందన్నారు చుట్టుపక్కలవాళ్ళు. అది పార్వో అని పశువుల డాక్టరు చెప్పాకే తెలిసింది. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుందట. మీ అమ్మ ఇప్పటికీ ఆ కుక్క ఊసెత్తదు.

అందుకే టీకాలు పూర్తయ్యేదాకా వీధి నేల మీద దాని కాలు పెట్టనివ్వకండి. చంకనెత్తుకుని తిప్పండి, తప్పులేదు. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా. మూడు నెలలకి రేబిస్ టీకా. నట్టల మందు సంగతి కూడా డాక్టర్నే అడగండి.

తిండి దగ్గర మీ అమ్మమ్మ మాట వినకండి. గేదెపాలు పట్టమంటుంది, పడితే విరేచనాలు పట్టుకోవచ్చు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి దానికి విషం. మీ ఇంట్లో ఉల్లిపాయ పడని కూర ఏముంది కనక? కాబట్టి కూర కలిపిన అన్నం వద్దన్నమాట.

నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే ఉచ్చ పోస్తుంది. ఆ మూడు వేళల్లో పేపర్ మీదికి తీసుకెళ్ళండి. హాల్లో పోస్తే తుడిచేయండి, అంతే. మూతి దాంట్లో రుద్దే పెద్దవాళ్ళుంటారు. దానికి అర్థమయ్యేదల్లా మీరంటే భయపడాలని.

దాని పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి. గీసుకున్నా, కొరికినా తిడతారని దాచకండి. పంపు కింద 15 నిమిషాలు సబ్బుతో కడిగి, వెంటనే పెద్దవాళ్ళకి చెప్పి ఆసుపత్రికి వెళ్ళాలి. కారం, పసుపు, సున్నం ఏవీ పూయకూడదు. మా రోజుల్లో బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు పొడిచేవాళ్ళు. ఇప్పుడు చేతికే, అంత టెన్షన్ అక్కర్లేదు.

మొదటి మూడు రోజులు అపార్ట్‌మెంట్ పిల్లలెవర్నీ రానివ్వకండి. రోజులో పద్దెనిమిది గంటలు పడుకునే ప్రాణి అది, పడుకోనివ్వండి. రాత్రి మాత్రం ఏడుస్తుంది. అన్నాళ్ళూ నలుగురి మధ్య వెచ్చగా పడుకున్నది కదా. అట్టపెట్టె మీ మంచం పక్కనే పెట్టుకుని, ఏడిస్తే చెయ్యి కిందికి జార్చండి.

ఆ పెట్టెలో వెయ్యడానికి ఒక పాత తువ్వాలు తల్లి దగ్గర పడేయాలి. మీరు వెళ్ళకండి, పిల్లలున్న తల్లి కరుస్తుంది. రోజూ దానికి అన్నం పెట్టే వాచ్‌మన్‌ని అడగండి. పిల్లని తెచ్చే రోజు తువ్వాలు కూడా తెచ్చుకోండి. మీ అమ్మ కంపు కొడుతోందని ఉతకబోతుంది, ఉతకనివ్వకండి.

మీ
తాతయ్య