కొవ్వొత్తుల వ్యాపారం: అపోహలు - వాస్తవాలు

కొవ్వొత్తుల తయారీ నేర్చుకుంటామని వచ్చేవాళ్లు ముందు అడిగేది మిషన్ రేటు. వత్తి గురించి అడిగేవాళ్లు అరుదు. చేతిలో ఉన్న కాస్త డబ్బు మునిగేది మాత్రం ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే.

అపోహ: మిషన్ లేకుండా మొదలుపెట్టలేం.

గ్రాముల్లో తూచే కాటా, థర్మామీటర్, మైనం కరిగించే స్టీలు జగ్గు, అది పట్టేంత నీళ్ల గిన్నె, నాలుగైదు అచ్చులు. మొదటి సరుకుకు ఇవి చాలు. "మిషన్ మా దగ్గర కొనండి, మీరు చేసిన సరుకంతా మేమే కొంటాం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. దీపం వత్తుల మిషన్ల పేరుతో ఇదే తరహా మోసం హైదరాబాద్‌లో బయటపడి పోలీసు కేసుల దాకా వెళ్లింది. సరుకు అమ్ముకునే దారి నిజంగా తెలిసినవాళ్లు ఆ మిషన్లు మనకెందుకు అమ్ముతారు?

అపోహ: మైనం మంచిదైతే చాలు, వత్తి ఏదైనా ఒకటే.

కస్టమర్ల ఫిర్యాదుల్లో చాలావరకు వత్తి వల్ల వచ్చేవే. సన్నదైతే మధ్యలో బావిలా గుంట పడి, అంచున మైనం అలాగే మిగిలిపోతుంది. లావుదైతే మంట ఎగిసి, వత్తి కొసన నల్లటి గడ్డ కట్టి, గాజుకు మసి పడుతుంది. ఏ గ్లాసుకు ఏ వత్తి అని చెప్పే చార్టు ఓ అంచనా ఇస్తుంది, అంతే. ఒకే రకం గ్లాసులు మూడు తీసుకుని, అదే మైనం, అదే సెంటు (కొవ్వొత్తుల్లో కలిపే సువాసన నూనె) పోసి, మూడు సైజుల వత్తులు పెట్టండి. సోయా మైనం (సోయా నూనెతో చేసేది) అయితే వెలిగించేముందు కనీసం వారం ఆగండి. ఫ్యాన్ ఆపి వెలిగించండి. ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పున్న గ్లాసులో మూడు నాలుగు గంటలకు కరిగిన మైనం అంచుదాకా చేరాలి. ఆర్పి, చల్లారాక వత్తిని అరసెంటీమీటరుకు కత్తిరించి మళ్లీ వెలిగించండి, అడుగుదాకా ఇలాగే. పైన చక్కగా వెలిగిన వత్తి సగం దిగాక మసి పట్టించడం మామూలే, కాబట్టి మధ్యలో ఆపితే టెస్టు చేయనట్టే. సెంటు మారిస్తే మళ్లీ మొదటికే. అందుకే నా సలహా ఒకే గ్లాసు, రెండే సువాసనలు.

అపోహ: సెంటు ఎక్కువ పోస్తే వాసన ఎక్కువ.

కిలో సోయాకు 60 నుంచి 80 గ్రాములు చాలు, పారఫిన్‌కు (పెట్రోలియం నుంచి తీసే మైనం) ఇంకా తక్కువ. మైనం పట్టుకోలేని నూనె పైకి బొట్లుగా తేలుతుంది, వత్తి సరిగా వెలగదు. అత్తరు కలపొద్దు.

అపోహ: సోయా అయితేనే మంచి సరుకు, పారఫిన్ చవకబారుది.

మన ఎండల సంగతి ఈ మాట చెప్పేవాళ్లకు పట్టదు. గ్లాసుల్లో వాడే సోయా మైనం 50 డిగ్రీల అటూఇటూగా కరుగుతుంది. మే నెలలో విజయవాడలో ఎండన నిలబెట్టిన కొరియర్ వ్యాన్‌లో అంత వేడి మామూలే. గ్లాసులోదైతే మళ్లీ గడ్డకడుతుంది, గ్లాసు లేని విడి కొవ్వొత్తులు వాలిపోతాయి. వాటికి 58-60 డిగ్రీల దగ్గర కరిగే పారఫిన్, మైనాన్ని గట్టిపరిచే స్టియరిక్ యాసిడ్ కాస్త కలిపి వాడండి. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు, నవంబరు 2న ఆత్మల పండుగకు జనం అడిగేది సాదా కొవ్వొత్తినే. లాభం తక్కువే గానీ చెయ్యి తిరుగుతుంది.

అపోహ: వంటింటి పనే కదా, ప్రమాదమేముంది?

మైనాన్ని నేరుగా స్టవ్ మీద పెట్టొద్దు. నీళ్లలా మరిగి హెచ్చరించదు, పొగ వచ్చి అంటుకుంటుంది. అంటుకుంటే నీళ్లు అస్సలు పోయకుండా, స్టవ్ ఆపి మూత పెట్టండి.

అపోహ: ముందు జీఎస్టీ తీసుకోవాలి.

సొంత రాష్ట్రంలోనే అమ్ముకుంటే ఏడాది టర్నోవరు ఏపీలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేదాకా ఆ టెన్షన్ లేదు. బయటి రాష్ట్రాలకు పంపేముందు ఆడిటర్‌ను అడగండి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బులడిగే సైటు అసలుది కాదు.