“నడుస్తున్నడు గదా, ఇరగలే!”: ఆటల దెబ్బలపై అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో ఫిజియోథెరపిస్టుగా నేను రోజూ చూసేది ఎక్కువగా రెండు రకాల వాళ్లను. కానిస్టేబుల్ ఈవెంట్స్ (ఉద్యోగానికి పెట్టే ఉరుకుడు లాంటి శారీరక పరీక్షలు) కోసం తెల్లారకముందే గ్రౌండుకు పోయి ఉరికేవాళ్లు కొందరు, ఊర్లల్ల కబడ్డీ, వాలీబాల్ ఆడే పిల్లలు కొందరు. దెబ్బలు వేరైనా వెంట తెచ్చే మాటలు మాత్రం అవే.

అపోహ: “నడుస్తున్నడు గదా సార్, ఎముక ఇరగలే.”

చీలమండ బయటి వైపు ఉండే సన్న ఎముక మీద ఒంటి బరువు చాలా తక్కువే పడుతుంది. అది చిట్లినా కుంటుకుంటూ నడిచి వచ్చేవాళ్లున్నారు. అలాగని బెణికిన ప్రతి కాలికీ ఎక్స్‌రే అక్కర్లేదు. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో చెప్పిన పద్ధతినే ఇప్పటికీ వాడుతున్నాం. చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముకల వెనక అంచును, కొస నుంచి ఆరు సెంటీమీటర్ల పైదాకా వేలితో నొక్కుతాం. పాదం బయటి అంచు మధ్యలో తగిలే బొడిపెను, లోపలి వైపు వంపు మీది ఎముకను కూడా నొక్కుతాం. ఎక్కడైనా ఎముక మీదే నొప్పి పుట్టినా, దెబ్బ తగిలినప్పుడూ ఇప్పుడూ నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. ఇవేవీ లేకపోతే ఎముక విరగడం చాలా అరుదు.

అపోహ: “నూనె పెట్టి గట్టిగ తోమితే నరం దారికొస్తది.”

డిగ్రీలో వాలీబాల్ ఆడుతూ కాలు మెలిక పడితే నాకూ తోమించారు. ఇద్దరు పట్టుకున్నారు, ఒకాయన తోమాడు. తెల్లారేసరికి పాదం బూరె లెక్క ఉబ్బింది. అక్కడ నరమేమీ పక్కకు జరగదు. ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్ పోగులు తెగుతాయి, అంతే. తోమితే తెగినచోట మళ్లీ రక్తం కారుతుంది. కబడ్డీలో ఎదుటివాడి మోకాలు తొడకు బలంగా తగిలి రక్తం గడ్డకట్టినప్పుడైతే ఇంకా ప్రమాదం. అలాంటి కండను తోమితే లోపల ఎముక లాంటి గట్టిపదార్థం పేరుకునే అవకాశం పెరుగుతుంది. వచ్చిందంటే మోకాలు ముడవడానికే నెలలు పడుతుంది.

బిగుతుగా కట్టు కట్టించుకున్నాక వేళ్లు చల్లబడినా, మొద్దుబారినా, నొప్పి తగ్గకుండా పెరుగుతూ పోయినా కట్టు వెంటనే విప్పించి ఆసుపత్రికి ఉరకాలి. పొద్దున చూద్దామనుకుంటే కాలుకే ముప్పు.

అపోహ: “ఐస్ పెట్టి నెల రోజులు మంచం దిగకుంటే అదే మానుతది.”

విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే సూత్రానికి 1978లో పేరుపెట్టిన అమెరికన్ డాక్టర్ గేబ్ మిర్కినే, ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని 2014లో రాశారు. నొప్పి తట్టుకోలేనప్పుడు పది నిమిషాలు పెట్టుకోండి, తప్పులేదు. ఎముక విరగలేదని తేలితే మాత్రం రెండు మూడు రోజుల తర్వాత ఓర్చుకోగలిగినంత బరువు కాలి మీద పడాల్సిందే. నేను మొదట ఇచ్చే హోంవర్క్: పళ్లు తోముకునేంతసేపూ దెబ్బ తగిలిన కాలి మీద ఒంటికాలితో నిలబడటం. ఇది చేయనివాళ్లే ఆరు నెలలకు అదే కాలు మళ్లీ బెణికించుకుని వస్తారు.

అపోహ: “ఈవెంట్స్ పదిరోజులల్ల ఉన్నయ్, ఒక ఇంజక్షన్ ఏస్తే ఉరుకుత.”

తెలంగాణ కానిస్టేబుల్ ఉద్యోగాల 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాల్సి ఉండె. దానికోసం ఏడాదంతా ఖాళీగా ఉండి, నోటిఫికేషన్ పడగానే రోజూ తారు రోడ్డు మీద ఉరికేవాళ్లకు మోకాలి కింద ముందు ఎముక నొప్పి పుడుతుంది. నేను బొటనవేలితో నొక్కుకుంటూ కిందికి పోతాను. జానెడు పొడవునా నొప్పి ఉంటే ఉరుకుడు తగ్గించి, పిక్కలు బలపరిస్తే సరిపోతుంది. ఒక్కచోటే, రూపాయి బిళ్లంత జాగాలో నొక్కగానే కాలు గుంజుకున్నాడంటే ఎముక సన్నగా చిట్లిందని అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు. అలాంటి కాలికి నొప్పి తెలియకుండా చేసి ఉరికిస్తే ఎముక పూర్తిగా విరగొచ్చు. అందుకే నేను ఒప్పుకోను. తిట్టుకుంటూ పోయినవాళ్లూ ఉన్నారు.

అపోహ: “ఏసీఎల్ తెగితే ఆపరేషనే. ఆపరేషనైతే మూడు నెలలకు ఆడుకోవచ్చు.”

ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముకను కింది ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్. పై మాటలో రెండు సగాలూ తప్పే. స్వీడన్‌లో 121 మంది యువతీయువకుల మీద జరిపిన అధ్యయనంలో (ఐదేళ్ల ఫలితాలు 2013లో అచ్చయ్యాయి), ముందు వ్యాయామాలతో మొదలుపెట్టినవాళ్లలో దాదాపు సగం మందికి ఐదేళ్లయినా ఏసీఎల్ ఆపరేషన్ అవసరం పడలేదు. కానీ ఉరుకుతూ గిరుక్కున తిరగాల్సిన కబడ్డీ ఆడేవాడికి, మోకాలు జారిపోతున్నవాడికి ఆపరేషన్ మంచిదే అంటాను. అసలు పని ఆ తర్వాతే. కొత్తగా వేసిన లిగమెంట్ మొదటి నెలల్లో బలం కోల్పోయి, తర్వాత మెల్లగా గట్టిపడుతుంది. నొప్పి మాత్రం అంతకు ముందే పోతుంది. చిక్కంతా అక్కడే. 2016లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, తొమ్మిది నెలల వరకు ఆటను ఆలస్యం చేసిన ప్రతి నెలకూ మళ్లీ దెబ్బ తగిలే ముప్పు దాదాపు సగానికి తగ్గింది. నెలలు నిండితే చాలదు, తొడ ముందు కండరం బలం మంచి కాలితో పోలిస్తే కనీసం తొంభై శాతానికి రావాలి.

మొన్న ఒక కబడ్డీ రైడర్‌ వచ్చాడు. ఏసీఎల్ ఆపరేషనై మూడు నెలలు. గదిలో చకచకా నడిచాడు, “మంచిగైంది సార్, సంక్రాంతి టోర్నమెంటుకు పోత” అన్నాడు. కొలిస్తే ఆపరేషనైన తొడ రెండో దానికన్నా మూడు సెంటీమీటర్లు సన్నం. అడుగెత్తు పీట మీద నుంచి ఆ కాలితో మెల్లగా కిందికి దిగమంటే మోకాలు వణుకుతూ లోపలికి వాలిపోయింది. తనే చూసుకున్నాడు, ఇంకేం మాట్లాడలేదు. టోర్నమెంటుకు పొమ్మనే చెప్పాను, స్కోరు రాయడానికి.