సర్వర్‌లెస్ హోస్టింగ్: మా వైపు తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నల్గొండ, మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులకు, పాల సెంటర్లకు, బత్తాయి కమిషన్ షాపులకు వెబ్ యాప్‌లు చేసిపెట్టడం నా పని. యాప్ ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఇప్పుడు సర్వర్‌లెస్ మాటే ఎక్కువ వినపడుతుంది, అంటే సర్వర్‌ను మనం చూసుకోకుండా, పని వచ్చినప్పుడు కంపెనీయే యాప్‌ను లేపి నడిపే పద్ధతి. దీని గురించి కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు చెప్పే మాటలు కొన్ని మళ్లీ మళ్లీ వింటున్నాను.

అపోహ: ఫ్రీ ప్లాన్ ఉండగా డబ్బులెందుకు?

నేర్చుకోవడానికైతే సరే. కానీ యాప్‌లు పెట్టుకోనిచ్చే కంపెనీల్లో ఒకటైన వెర్సెల్ ఇచ్చే ఫ్రీ ప్లాన్ (హాబీ) సొంత వాడకానికే, వ్యాపారానికి కాదు. షాపు బిల్లింగ్ యాప్ దాని మీద పెడితే నిబంధన తప్పినట్టే. అలాంటి ఇంకో కంపెనీ రెండర్ ఫ్రీ సర్వీసు 15 నిమిషాలు ఎవరూ రాకపోతే నిద్రపోతుంది, మళ్లీ లేవడానికి దాదాపు నిమిషం పడుతుంది. కాంటా దగ్గర ట్రాక్టర్లు లైన్ కట్టినప్పుడు ఆ నిమిషం ఎంత పొడుగో గుమాస్తాను అడగండి. ఇక హెరోకు 2022 నవంబరులో ఫ్రీ ప్లాన్లే ఎత్తేసింది.

అపోహ: అన్నీ ఒకటే, పేర్లే వేరు.

కాదు. అమెజాన్ వాళ్ల ఏడబ్ల్యూఎస్ లాంబ్డాలో ఒక ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) 15 నిమిషాలకు మించి నడవదు. గూగుల్ క్లౌడ్ రన్‌లో కంటైనర్, అంటే యాప్‌ను దానికి కావలసిన వాటన్నిటితో కలిపి కట్టిన మూట, పెడతాం, ఒక రిక్వెస్టుకు 60 నిమిషాల దాకా గడువు పెంచుకోవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్‌లో కంటైనర్ ఉండదు, అందుకే చిటికెలో లేస్తుంది. కాకపోతే ఉన్న యాప్‌ను ఉన్నట్టుగా తీసుకెళ్లి అందులో పెట్టడం కుదరదు. యాప్ రాయడానికి నెక్స్ట్ జేఎస్ వాడితే వెర్సెల్ అంత సుఖం ఇంకోటి లేదు. మామూలుగా జాంగో, ఎక్స్‌ప్రెస్‌లతో రాసిన యాప్ అయితే నేను చెప్పేది క్లౌడ్ రన్. రేపు నచ్చకపోతే అదే కంటైనర్‌ను ఇంకోచోటికి మార్చుకోవచ్చు.

అపోహ: నా లాప్‌టాప్‌లో నడిచింది, అక్కడా నడుస్తుంది.

ఎక్కువ తలనొప్పి ఇక్కడే. పాల సెంటర్లో తెల్లారకముందే క్యాన్లు దిగుతాయి. ఫ్యాట్ చూసి ఎంట్రీ కొడతారు. 5:10కి పోసిన పాలు రిపోర్టులో నిన్నటి తేదీ కింద పడతాయి, 5:30 దాటాక పోసినవి ఈరోజు కింద. ఈ ప్లాట్‌ఫారమ్‌ల గడియారం మామూలుగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం), అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక, నడుస్తుంది. లాప్‌టాప్‌లో ఉండేది మన టైమే కాబట్టి టెస్టింగ్‌లో దొరకదు. పదిహేను రోజుల బిల్లు చేతికొచ్చాక ఒక పూట పాలు అటో ఇటో అయ్యాయంటే రైతు ఊరుకుంటాడా? టైమ్ యూటీసీలోనే దాచండి, తేదీ మాత్రం ఆసియా/కోల్‌కతా (మన టైమ్‌జోన్ పేరు) ప్రకారం లెక్కగట్టండి.

ఫైళ్ల సంగతీ ఇంతే. తక్‌పట్టీ (రైతుకిచ్చే తూకం రసీదు) ఫొటో యాప్ ఫోల్డర్‌లో సేవ్ చేస్తే, ఆ ఇన్‌స్టెన్స్ (నడుస్తున్న యాప్ కాపీ) ఆగిన రోజున ఫొటో కూడా పోతుంది. పైగా క్లౌడ్ రన్‌లో మామూలుగా రాసే ఫైళ్లు మెమరీనే తింటాయి. ఫైళ్లు దాచడానికే ఉన్న అమెజాన్ ఎస్3 లాంటి స్టోరేజీలో పెట్టాల్సిందే.

అపోహ: ఎంత లోడ్ వచ్చినా అదే చూసుకుంటుంది.

యాప్ పెరుగుతుంది, డేటాబేస్ దానంతటది పెరగదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మామూలుగా 100 కనెక్షన్లే ఇస్తుంది. లాంబ్డా ఇన్‌స్టెన్స్ ఒక్కోటి సాధారణంగా ఒకసారికి ఒకే రిక్వెస్టు చూస్తుంది, ఒక్కోటీ తన కనెక్షన్ తెరుస్తుంది. డిగ్రీ రిజల్ట్స్ రోజు లాంటి తాకిడి వస్తే ముందు కూలేది డేటాబేసే. మధ్యలో పీజీబౌన్సర్ లాంటి పూలర్ (ఉన్న కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచేది) పెట్టండి, ఇన్‌స్టెన్స్‌లకు గరిష్ఠ పరిమితి కూడా పెట్టండి. హోస్టింగ్ బిల్లుకు అసలు బ్రేకు ఆ పరిమితే. బడ్జెట్ అలర్ట్ పెట్టాం కదా అని ధీమాగా ఉంటారు, అది మెయిల్ పంపుతుందంతే, ఖర్చును ఆపదు.

అపోహ: హైదరాబాద్ రీజియన్ తీసుకుంటేనే మనకు స్పీడు.

ఏడబ్ల్యూఎస్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి రీజియన్లు (డేటా సెంటర్లున్న చోట్లు) ఉన్నాయి. నల్గొండలో కూర్చున్నవాడికి ఆ రెంటికీ తేడా తెలియదు. యాప్, డేటాబేస్ ఒకేచోట ఉన్నాయా లేదా అన్నదే లెక్క. వెర్సెల్ ఫంక్షన్లు మనం మార్చకపోతే వాషింగ్టన్‌లో నడుస్తాయి. డేటాబేస్ ముంబైలో ఉంటే ప్రతి క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) సముద్రాలు దాటి రావాలి. ఒక పేజీకి వరసగా పది క్వెరీలంటే రెండు సెకన్లు దారిలోనే పోతాయి. సెట్టింగ్స్‌లో ముంబై ఎంచుకుంటే తీరిపోతుంది. రెండర్‌కు మనకు దగ్గర్లో ఉన్నది సింగపూర్.

అపోహ: సొంత సర్వర్ అద్దెకు తీసుకోవడం పాత పద్ధతి.

మిల్లు యాప్‌కు వానాకాలం, యాసంగి కోతలప్పుడే పని, మిగతా రోజులు ఖాళీ. దానికి సర్వర్‌లెస్ సరిగ్గా సరిపోతుంది. లారీల జీపీఎస్ లాంటివి రాత్రీ పగలూ డేటా పంపుతూనే ఉంటాయి. అలాంటి పనికి చిన్న వీపీఎస్సే (అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) చౌక, కాకపోతే అప్‌డేట్లు, బ్యాకప్‌లు మీరే చూసుకోవాలి. ఆ పని ఎవరు చేస్తారో, దానికి నెలకెంతో కస్టమర్‌తో ముందే మాట్లాడుకోండి.