దాచుకున్న బొమ్మలు తీసుకురండి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు బొమ్మలు గీయడం, కథలు రాయడం తగ్గించేశారని, గీసినా ఎవరికీ చూపించట్లేదని మీ అమ్మలు ఫోన్లో చెప్పారు. ఎవరో ఏదో అన్నారట. ఎవరన్నారని అడగను గానీ, ఇద్దరి సంగతి చెప్తాను.

సెర్గేయ్ రహ్మానినోవ్ అని రష్యాలో ఒక సంగీతకారుడు. పెద్ద వాద్యబృందం కోసం రాసే రచనను సింఫనీ అంటారు. అతని మొదటి సింఫనీని 1897లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వాయించారు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు. రిహార్సల్స్ సరిగ్గా జరగక కచేరీ పాడైంది. దాని మీద సీజర్ కూయి అనే విమర్శకుడు పత్రికలో ఏం రాశాడో తెలుసా? నరకంలో సంగీత పాఠశాల ఉండి, అక్కడి విద్యార్థి ఇలాంటిది రాస్తే నరకవాసులు తెగ సంబరపడతారని! చదివినవాళ్లు నవ్వుకునే ఉంటారు. కానీ ఆ మాట పట్టుకుని ఆ కుర్రాడు ఏం దిద్దుకోగలడు? దాదాపు మూడేళ్లు అతని కలం సాగలేదు. 1900లో నికొలాయ్ దాల్ అనే డాక్టరు దగ్గర వైద్యానికి చేరాడు. నువ్వు మళ్లీ రాస్తావు, అది బాగా వస్తుంది అని ఆయన రోజూ నచ్చచెప్పేవాడు. ఆ తర్వాత రాసిన రెండో పియానో కన్సర్టో (పియానో ముందుండి వాద్యబృందంతో కలిసి సాగే రచన) అతనికి ఎంతో పేరు తెచ్చింది. దాన్ని ఆ డాక్టరుకే అంకితమిచ్చాడు. నరకం పాలు చేసిన ఆ సింఫనీని మళ్లీ వాయించింది 1945లో. అప్పటికి అతను పోయి రెండేళ్లయింది.

ఇక మన రాజమండ్రి. చిత్రకారుడు దామెర్ల రామారావు పుట్టిందీ 1897లోనే. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాల్. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. కూల్డ్రే రామారావు బొమ్మలు చూసి "శభాష్" అని ఊరుకోలేదు. మెళకువలు నేర్పాడు, అజంతాకు తీసుకెళ్లి చూపించాడు, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చేర్పించాడు. రామారావు మశూచితో 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. అయితేనేం, ఆలోపే రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల పెట్టి తనూ కొందరిని తయారుచేశాడు.

తప్పులు ఎత్తిచూపొద్దని కాదు నేననేది. "ఇది ఏనుగా, గుమ్మడికాయా?" అనడానికి క్షణం పట్టదు. "సూపర్!" అనడానికీ అంతే. బొమ్మను సరిగ్గా చూడకుండానే ఆ రెండూ అనేయొచ్చు. "తొండం వంపు భలే కుదిరింది, వెనక కాళ్లు మాత్రం అంత ఒంటిని మోసేలా లేవు, కాస్త లావు చెయ్" అనాలంటే మాత్రం కూర్చుని చూడాలి. అలా చూసేవాళ్లు ఇంటికి ఒక్కరున్నా చాలు. మిగతావాళ్ల వెటకారం మీ గురించి కాదు, వాళ్లకి తీరిక లేకపోవడం గురించి. (మీ బాబాయి ఇది చదివి ఉడుక్కుంటే ఉడుక్కోనివ్వండి.)

సంక్రాంతి సెలవులకు వస్తారుగా, దామెర్ల ఆర్ట్ గ్యాలరీకి వెళ్దాం. దాచుకున్నవన్నీ సంచిలో వేసుకుని రండి. ఒకరివి ఒకరు చూసి, ఎక్కడ నచ్చిందో, ఎక్కడ తేడా కొట్టిందో చెప్పాలి. నేను గీసిన గోదావరి బొమ్మ కూడా ఒకటి పెడతాను. దాన్ని "సూపర్ తాతయ్యా" అంటే మాత్రం ఒప్పుకోను.

మీ తాతయ్య