రేడియోలో గరగర ఎక్కడ పుడుతోంది? సీమలో సిగ్నల్ వేట వెనుక కథ

కడప, అనంతపురం, కర్నూలు పల్లెల్లో మీడియం వేవ్ రేడియో పెట్టుకునేవాళ్లు తగ్గిపోయారు. మిగిలినవాళ్ల నోట వినిపించే ఫిర్యాదు మాత్రం ఒకటే: స్టేషన్ వస్తుంది గానీ దాని మీద గరగర కూర్చుంటుంది. 1963లో మొదలైన కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ మీద సీమ మొత్తానికి వినిపించిన కేంద్రం. అలాంటి బలమైన స్టేషన్ కూడా వీధిలో కరెంటు స్తంభం కింద వినబడక, నాలుగడుగులు చేలోకి పోతే శుభ్రంగా వినబడుతుంది. తప్పు స్టేషన్‌ది కాదు, సెట్టుదీ కాదు. ఎక్కడో ఒక చోట గరగర పుడుతోంది. అదే డిస్టర్బెన్స్ ఇంకో రూపంలో సెల్ టవర్‌లో, పోలీసు వాకీటాకీలో, విమానం నడిపే పైలట్ చెవిలో కూడా దూరుతుంది.

ఆ చోటు ఏదో కనిపెట్టే విద్య కొత్తది కాదు, నూరేళ్లు దాటింది. అది ఎవరి కోసం పుట్టిందో, ఎవరి చేతుల్లో పెరిగిందో తెలిస్తే, మన ఊళ్లో ఈ ఫిర్యాదు ఎందుకు ఎటూ తేలకుండా పోతుందో అర్థమవుతుంది.

రేడియో తరంగాలు ఉన్నాయని 1888 నాటికి జర్మన్ శాస్త్రవేత్త హెర్ట్జ్ నిరూపించాడు. ఏరియల్‌ను తిప్పితే సిగ్నల్ పెరుగుతుంది, తగ్గుతుంది అన్న సంగతి అప్పుడే కనబడింది. 1907లో బెల్లిని, టోసి అనే ఇద్దరు ఇటలీ ఇంజినీర్లు పెద్ద ఏరియల్‌ను కదపకుండానే దిక్కు పట్టే పద్ధతి కనిపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తీరం పొడవునా ఇలాంటి కేంద్రాలు వెలిశాయి. 1916లో బ్రిటన్, జర్మనీల మధ్య జరిగిన జట్లాండ్ నౌకా యుద్ధానికి ముందు జర్మన్ నౌకలు రేవు వదిలి కదులుతున్నాయని వాటి సిగ్నల్ దిక్కు కొద్దిగా మారడాన్ని బట్టే పసిగట్టారు. శత్రువు ఎక్కడున్నాడో చెప్పడమే ఈ విద్యకు మొదటి పని.

మన దేశంలో దీని సెగ తగిలింది స్వాతంత్ర్య సమరయోధులకే. క్విట్ ఇండియా రోజుల్లో ఉషా మెహతా, ఆమె సహచరులు బొంబాయిలో రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపారు. 1942 ఆగస్టు 27న 42.34 మీటర్ల తరంగదైర్ఘ్యం మీద మొదటి ప్రసారం వెళ్లింది. దిక్కు పట్టే పరికరాలున్న పోలీసు వ్యాన్లు వీధుల్లో తిరుగుతున్నాయని తెలిసి, వాళ్లు ట్రాన్స్‌మిటర్‌ను ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుస్తూ పోయారు. నవంబరు 12న పట్టుబడ్డారు. అప్పుడు కూడా చివరి గుట్టు విప్పింది యంత్రం కాదు, వాళ్లకు పని చేసిపెట్టిన ఒక టెక్నీషియన్. వ్యాను పేట దాకా తీసుకొస్తుంది, ఏ ఇంట్లో ఏ గదో చెప్పదు. ఈ ముక్క గుర్తుంచుకోవాలి. ఎనభై ఏళ్ల తర్వాత కూడా సిగ్నల్ వేటలో అసలు కష్టం ఆ చివరి ఫర్లాంగులోనే ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత వేటంతా ప్రభుత్వం చేతిలోకి వచ్చింది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం పెట్టుకోవడాన్ని నేరం చేసింది. 1952లో వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ ఏర్పడింది. నగరాల్లో స్థిర కేంద్రాలు, వాటికి తోడు సంచార వాహనాలు వచ్చాయి. మంచి సంస్థ, చేసే పని అవసరమైనదే. కానీ ఆ ఏర్పాటంతా దొంగ ట్రాన్స్‌మిటర్‌ను దృష్టిలో పెట్టుకుని కట్టింది. ఎవరో కావాలని ప్రసారం చేస్తున్నారు, వాళ్లను పట్టుకోవాలి అన్నది దాని ఆలోచన. స్తంభం మీద వదులైన బోల్టుకు లైసెన్సు ఉండదు, దానికి దురుద్దేశమూ ఉండదు. యంత్రాల నుంచి వచ్చే గోలకు హద్దులు పెట్టడానికి 1934లోనే సిస్‌ప్ర్ అనే అంతర్జాతీయ కమిటీ ఏర్పడింది. ఆ హద్దులు కొత్త వస్తువు ఫ్యాక్టరీ దాటే నాటివి. అదే వస్తువు పదేళ్లు ఎండలో మాడాక ఎలా ఉందో చూసేవాళ్లు లేరు. సమస్య మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

సీమలో పాత దోషి కరెంటు లైనే. 11 కేవీ లైనులో ఇన్సులేటర్ మీద బైండింగ్ వైరు వదులైనా, రెండు తీగలను కలిపే జంపర్ ముక్క సరిగ్గా బిగించకపోయినా, లైనును కలిపే, విడదీసే ఏబీ స్విచ్ బ్లేడు పూర్తిగా కూర్చోకపోయినా రెండు లోహాల మధ్య వెంట్రుకవాసి సందు మిగులుతుంది. ఆ సందులో నిప్పురవ్వ దూకుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఒక్కో చక్రంలో రెండుసార్లు చొప్పున సెకనుకు నూరుసార్లు రవ్వల గుంపు లేస్తుంది. రేడియోలో బర్ర్‌మని వినిపించేది అదే. వాన పడితే ఈ గోల చాలాసార్లు ఆగిపోతుంది, ఎందుకంటే తడి ఆ సందును పూడుస్తుంది. ఎండ కాసి లోహం ఆరగానే మళ్లీ మొదలు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే అనంతపురం ప్రాంతంలో ఆ తడి ఎన్నాళ్లుంటుంది? కోస్తాలో వానలు కొన్నాళ్లు అణిచిపెట్టే గోల ఇక్కడ నెలల తరబడి నడుస్తుంది.

దాన్ని పట్టుకునే పద్ధతి దగ్గర్నుంచి చూడదగ్గది. ముందు ఇంట్లో మెయిన్ ఆపి, బ్యాటరీ రేడియో పెట్టి వినాలి. గోల పోయిందంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. చాలామంది వేట ఇక్కడే ముగుస్తుంది. గోల అలాగే ఉంటే అదే రేడియోతో బయటికి నడవాలి. ట్రాన్సిస్టర్ లోపల ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది. ఆ కడ్డీ కొన గోల వైపు తిరిగినప్పుడు శబ్దం దాదాపు పడిపోతుంది. ఎక్కువ వినిపించే దిక్కు కంటే ఈ పడిపోయే దిక్కే కచ్చితం. రెండు చోట్ల నిలబడి రెండు గీతలు గీస్తే అవి కలిసేచోట అనుమానం పెట్టుకోవచ్చు.

అయితే వేంపల్లె దగ్గర ఊరి బయట ఒక లైను వెంట మీడియం వేవ్ రేడియో పట్టుకుని నడుస్తున్నామనుకోండి. గోల ఒక స్తంభం దగ్గర పెరుగుతుంది, తర్వాతి దాని దగ్గర తగ్గుతుంది, మూడో దాని దగ్గర మళ్లీ పెరుగుతుంది. కొత్తవాళ్లు మోసపోయేది ఇక్కడే. తక్కువ ఫ్రీక్వెన్సీ గోల తీగ పట్టుకుని మైళ్లు ప్రయాణిస్తుంది, మధ్యలో ఉబ్బుతూ తగ్గుతూ పోతుంది. అందుకే దగ్గరయ్యేకొద్దీ పై ఫ్రీక్వెన్సీకి మారాలి. విమానాలు వాడే 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ బ్యాండు వినిపించే చేతి రిసీవర్ ఇందుకు చక్కగా సరిపోతుంది. అది ఏఎం పద్ధతి కావడమూ ముఖ్యం, ఎఫ్ఎం రిసీవర్ ఈ గోలను చాలావరకు మింగేస్తుంది. తర్వాత 300, 400 మెగాహెర్ట్జ్‌కు పోయి ఒకే దిక్కు నుంచి బాగా వినే చిన్న యాగీ ఏరియల్ పట్టుకుంటే వేలు ఒక్క స్తంభం మీదికి వస్తుంది. యాగీ లేకపోతే రిసీవర్‌ను ఛాతీకి ఆనించుకుని నిలువునా ఒక చుట్టు తిరగాలి. ఒళ్లే అడ్డు గోడ అవుతుంది కాబట్టి గోల బాగా తగ్గిన క్షణంలో అది మన వీపు వెనుక ఉన్నట్టు. మరీ దగ్గరికి వచ్చాక సిగ్నల్ ముంచెత్తి దిక్కు తెలియకుండా పోతుంది. అప్పుడు ఏరియల్‌కూ రిసీవర్‌కూ మధ్య సిగ్నల్‌ను బలహీనపరిచే అటెన్యుయేటర్ పెట్టి తగ్గించుకుంటూ పోతారు. స్తంభం మీద ఏ సామానో తేల్చడానికి 40 కిలోహెర్ట్జ్ దగ్గర వినే అల్ట్రాసోనిక్ డిష్ ఉంటుంది. రవ్వ చేసే చెవికందని శబ్దాన్ని అది పట్టుకుంటుంది.

స్తంభాన్ని తన్నడం, స్టే వైరు లాగి చూడడం మాత్రం ఎవరూ చేయకూడదు. ప్రాణం పోతుంది. మన పని స్తంభం నంబరు రాసుకోవడం వరకే. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపించే అనుమతి) తీసుకుని చేయాల్సింది మిగతాది.

2014 తర్వాత దోషుల జాబితా మారింది. ఎల్‌ఈడీ బల్బుల ఇంటింటి పంపిణీ ముందుగా మొదలైన జిల్లాల్లో అనంతపురం ఒకటి. కరెంటు ఆదా అయింది, సంతోషం. నాసిరకం బల్బులో ఫిల్టరు లేని పవర్ సప్లై మాత్రం వీధికొక గరగర పెట్టింది. సోలార్ వచ్చింది. కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల పార్కు 2017లో వెలిసింది. పార్కుల కంటే ఇంటి మీద, బోరు దగ్గర పెట్టే చవక ఇన్వర్టర్లతోనే వినేవాడికి ఎక్కువ చిక్కు. ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్ దాకా వచ్చే పొడవాటి డీసీ తీగలే ఏరియల్‌గా మారతాయి. పొద్దు పొడవగానే మొదలై పొద్దు గూకగానే ఆగిపోయే గోల అయితే ఇంకేం వెతకనక్కర్లేదు. అడవిపందుల కోసం వేరుశనగ చేలకు కట్టే సోలార్ ఫెన్సింగ్‌కు సెకనుకొకటి చొప్పున టక్, టక్ అని శబ్దం. మిషన్ మంచిదే అయినా గడ్డి తీగకు తగిలిన చోట రవ్వ లేస్తుంది. గడ్డి కోస్తే పోయే జబ్బు అది.

ఇదంతా పాత రేడియో మీద మమకారం ఉన్నవాళ్ల గోల అని తీసిపారేయకూడదు. హిందూపురం దాటి సరిహద్దు అవతల గౌరీబిదనూరులో 1970లలో 34.5 మెగాహెర్ట్జ్ రేడియో టెలిస్కోప్ వెలిసింది. వెయ్యి డైపోల్ ఏరియల్స్‌తో ఆకాశం వినడానికి కట్టినది. బెంగళూరులోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు విశ్వంలో తొలి నక్షత్రాల నాటి హైడ్రోజన్ జాడ వెతికే సారస్-2 పరికరాన్ని ఎక్కడ పెట్టారో తెలుసా? అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ స్థలంలో. 110 నుంచి 200 మెగాహెర్ట్జ్ మధ్య అక్కడ తీసుకున్న కొలతల ఫలితాలు 2017లో వెలువడ్డాయి. కొండల మధ్య రేడియో నిశ్శబ్దం ఉన్నందుకే ఆ చోటు పనికొచ్చింది. కరువు జిల్లా అని పేరుపడ్డ నేలకు ఇలాంటి ఆస్తి ఒకటుందని మనవాళ్లలో ఎందరికి తెలుసు? చవక ఇన్వర్టర్లు ఊరూరా పాకితే పోయేది ఈ ఆస్తి.

పరికరం ధర సంగతి ఇప్పుడు సాకు కాదు. 2012లో డిజిటల్ టీవీ కోసం అమ్మే యూఎస్‌బీ డాంగిల్ లోపలి చిప్ మామూలు రేడియో రిసీవర్‌గా పనిచేస్తుందని ఔత్సాహికులు కనిపెట్టారు. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే, ఒకప్పుడు ప్రయోగశాలలకే పరిమితమైన స్పెక్ట్రమ్ చిత్రం ల్యాప్‌టాప్ మీదికి వచ్చింది. 2020లో అదే చిత్రం చూపే, అరచేతిలో పట్టే టైనీఎస్ఏ అనే పరికరం వచ్చింది. సరదాగా సొంత వైర్‌లెస్ సెట్లు నడిపే హామ్ రేడియో వాళ్లు ఫాక్స్ హంట్ పేరుతో దాచిన ట్రాన్స్‌మిటర్‌ను వెతికే పోటీలు దశాబ్దాలుగా ఆడుతున్నారు. ఆ చివరి ఫర్లాంగు నడవడం వాళ్లకు వచ్చు. 1983లో హైదరాబాద్‌లో పుట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో లాంటి సంస్థలు ఆ పాఠం నేర్పగలవు. కరెంటు సెక్షన్ ఆఫీసుకొక ఏఎం రిసీవర్, ఒక చిన్న యాగీ ఇచ్చి ఇద్దరికి నేర్పితే చాలు. రవ్వ లేచే చోటు రేపు తెగే చోటు కూడా కావచ్చు కాబట్టి లైను నిర్వహణకు కూడా అది లాభమే.

సెల్ బూస్టర్ల కథ వేరు. అంగట్లో సిగ్నల్ రాలేదని ఎవరో ఒకరు బూస్టర్ కొని పైకప్పు మీద ఏరియల్ బిగిస్తారు. అది తనలో తానే కూతపెట్టి చుట్టుపక్కల టవర్లను చెవిటివి చేస్తుంది. ఆపరేటర్ల మనుషులు చేతి స్పెక్ట్రమ్ అనలైజర్‌తో మేడ మేడా ఎక్కి వెతుకుతారు. లైసెన్సున్న కంపెనీలు తప్ప వేరెవరూ వీటిని పెట్టకూడదని టెలికం శాఖ 2022లో గట్టిగా చెప్పింది. 1885 టెలిగ్రాఫ్ చట్టం, 1933 వైర్‌లెస్ చట్టాల స్థానంలో వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కూడా దీన్ని నేరంగానే చూస్తుంది. ఇక్కడ చట్టానికి మనిషి కనిపిస్తాడు కాబట్టి పని జరుగుతుంది.

స్తంభం గోల విషయంలో ఆ మనిషి లేడు కాబట్టి ఫిర్యాదు ఇచ్చేవాళ్లే సాక్ష్యం సమకూర్చుకోవాలి. ఏ ఫ్రీక్వెన్సీ మీద, ఏ వేళల్లో, వాన పడితే ఆగుతోందా, ఊరికి కరెంటు పోయినప్పుడు పోతోందా, అనుమానం ఉన్న స్తంభం నంబరెంత అన్నవి కాగితం మీద పెట్టి, సెల్‌ఫోన్‌లో రికార్డు చేసిన అర నిమిషం గరగర జతచేస్తే, వెతికే పని సగం అయిపోయినట్టే. "రేడియో రావడం లేదు" అని ఒక్క ముక్క రాసిస్తే అది బల్ల మీదే ఉండిపోతుంది.