బోర్ వేరు, బద్ధకం వేరు, డిప్రెషన్ వేరు: ఈ ముడి ఎక్కడ పడింది?

వేసవి సెలవులు మొదలై పది రోజులైతే చాలు, ఈ తగువు మళ్లీ లేస్తుంది. పిల్లలు "బోర్ కొడుతోంది" అనగానే ఇంట్లో పెద్దవాళ్లు "ఒళ్లు వంచరుగా, అందుకే" అంటారు. వాట్సాప్ గ్రూపుల్లో ఇంకో వర్గం "అది డిప్రెషన్‌కి తొలిమెట్టు, జాగ్రత్త" అని టెన్షన్ పెడుతుంది. మూడో వర్గం "కొట్టనివ్వండి, బుర్ర పదునెక్కుతుంది" అంటుంది. మాట ఒక్కటే, కానీ ఒకరు బద్ధకం గురించి, ఒకరు జబ్బు గురించి, ఒకరు తీరిక గురించి మాట్లాడుతున్నారు.

ఎడారిలో తపస్సు చేసుకున్న క్రైస్తవ సన్యాసుల దగ్గర మొదలై ఫ్రెంచివాళ్ల 'ఆన్వీ' అనే విసుగు మీదుగా వచ్చే పాత కథ చాలామంది రాశారు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను. నా లెక్కలో అసలు మలుపు కెనడాలో, ఒంటారియోలోని రెండు విశ్వవిద్యాలయాల్లో, 2011 నుంచి 2014 మధ్య వచ్చింది.

అప్పటికి ముడి గట్టిగానే పడి ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తెచ్చిన డీఎస్ఎం (మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే లక్షణాల పుస్తకం) మూడో కూర్పులో, బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ సమస్య (భావోద్వేగాలూ సంబంధాలూ నిలకడగా ఉండని స్థితి) లక్షణాల కింద, లోపలంతా శూన్యంగా ఉండటాన్నీ బోర్‌నీ ఒకే గాటన కట్టేశారు. 1986లో ఫార్మర్, సండ్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు, ఎవరికి ఎంత తొందరగా బోర్ కొడుతుందో కొలవడానికి 28 ప్రశ్నలు తయారుచేశారు. అందులో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకి డిప్రెషన్ మార్కులు కూడా ఎక్కువగానే వచ్చాయి. రెండూ కలిసి కనబడితే రెండూ ఒకటేననుకోవడం తేలిక. 1994 నాటి డీఎస్ఎం కూర్పులో శూన్యాన్ని ఉంచి బోర్‌ని తీసేశారు గానీ, ఆ సంగతి జనం దాకా రాలేదు.

2011లో వాటర్లూ, యార్క్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈ ముడి విప్పడానికి కూర్చున్నారు. బోర్, ఏ ఆసక్తీ లేకపోవడం, ఏం చేసినా సంతోషం కలగకపోవడం, డిప్రెషన్, ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి కొలిచి, చుట్టరికం ఉన్నా ఇవి వేరు వేరని తేల్చారు. మరుసటి ఏడాది యార్క్‌లోని జాన్ ఈస్ట్‌వుడ్ బృందం నిర్వచనం ఇచ్చింది: మనసుకి నచ్చేది ఏదో చేయాలని ఉండి, దాన్ని అందుకోలేకపోతే కలిగే బాధే బోర్. ఇందులో 'చేయాలని ఉండి' అన్న ముక్కే నాకు ప్రాణం. బద్ధకస్తుడికి కదలాలని ఉండదు, ఆ కదలకపోవడం వాడికి హాయిగానే ఉంటుంది. డిప్రెషన్‌లో చాలాసార్లు ఆ కోరికే అణిగిపోతుంది. బోర్‌లో కోరిక బతికే ఉంటుంది, అందుకే అంత చిరాకు.

మన భాషలో ఇది ఎప్పటి నుంచో ఉంది. "ఏం తోచట్లేదు" అంటాం చూడండి, తోచితే చేద్దామనే కదా అర్థం. 'విసుగు' అంటే మాత్రం అవతలివాడి మీద చిరాకు కూడా వచ్చి కలుస్తుంది. ఇక బోర్‌ని మనం 'కొట్టించాం', ఎండ కొట్టినట్టు, బయటి నుంచి వచ్చి తగిలేదానిలా. ఇంగ్లీషులోనూ ఈ క్రియ మొదట్లో అలాగే కనిపిస్తుంది. 1768లో ఒక ఇంగ్లీషు ప్రభువు, ఫ్రెంచివాళ్లు తన స్నేహితులకి బోర్ కొట్టిస్తారని జాలిపడుతూ ఉత్తరం రాశాడు. తప్పు ఫ్రెంచివాళ్లది, స్నేహితులది కాదు. 1986 ప్రశ్నలతో ఆ తప్పు పూర్తిగా బోర్ కొట్టినవాడి నెత్తిన పడింది.

2014లో వాటర్లూలో మెరిఫీల్డ్, డాంకర్ట్ చేసిన ప్రయోగం ఇంకా సూటిగా చెబుతుంది. ఇద్దరు మగవాళ్లు బట్టలు ఆరేస్తున్న వీడియో చూపించి బోర్ కొట్టించారు, వేరే సీనుతో దుఃఖం తెప్పించారు. దుఃఖంతో పోలిస్తే బోర్‌లో గుండె వేగం పెరిగింది, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కూడా ఎక్కువగా ఉంది. కదలడానికి ఒళ్లు బరువైనవాడి లెక్కలా ఉందా ఇది?

ఇంట్లోనూ చూడొచ్చు. బోర్ కొట్టిన పిల్లాడు ఫ్రిజ్ తలుపు తీసి, ఏమీ తీసుకోకుండా మూసి, వరండాలోకి పోయి, మళ్లీ వంటింట్లోకి వచ్చి గట్టు మీద గరిటెతో టకటక కొడుతూ "అమ్మా, ఏం చెయ్యను?" అంటాడు. అడుగుతున్నాడు, అది గమనించాలి. పదిహేను రోజులుగా బ్యాటు ముట్టని, స్నేహితుడు గుమ్మం దాకా వచ్చి పిలిచినా "వద్దులే" అని గోడవైపు తిరిగి పడుకునే కుర్రాడు ఆ ప్రశ్న కూడా అడగడు. డిప్రెషన్‌కి డీఎస్ఎం పెట్టిన గడువు కూడా కనీసం రెండు వారాలే. అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇద్దరినీ ఒకే మాటతో పిలిస్తే మొదటివాడికి తిట్లు మిగులుతాయి, రెండోవాడికి ఆలస్యం జరుగుతుంది.

మూడో వర్గం చేతిలో ఉన్నది బ్రిటన్‌లో 2014లో శాండీ మాన్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన ప్రయోగం. పావుగంట సేపు టెలిఫోన్ డైరెక్టరీలోని నంబర్లు చూసి రాసినవాళ్లకి ఆ తర్వాత ఆలోచనలు ఎక్కువ వచ్చాయి, నిజమే. కానీ నంబర్లు రాయించి వదిలేయలేదు, ప్లాస్టిక్ కప్పులు చూపించి వీటితో ఏమేం చేయొచ్చో చెప్పమన్నారు. "కొట్టనివ్వండి" అనేవాళ్లు ఆ కప్పుల సంగతి ఎత్తరు.