పండ్లు, కూరగాయలు, ఆయుష్షు: డైటీషియన్‌గా నేను రోజూ వినే అపోహలు

అపోహ: ఎంత ఎక్కువ తింటే అంత ఆయుష్షు.

వాస్తవం: మన దేశంతో కలిపి 18 దేశాల్లో లక్షా 35 వేల మందిని ఏడేళ్ళకు పైగా గమనించిన ప్యూర్ అనే అధ్యయనం 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పండ్లు, కూరగాయలు, పప్పుధాన్యాలు అన్నీ కలిపి రోజుకు 375 నుంచి 500 గ్రాములు తినేవాళ్ళలో మరణాలు బాగా తక్కువ. అంతకు మించి తిన్నవాళ్ళకు కొత్తగా కలిసొచ్చిందేమీ కనబడలేదు. అమెరికాలో నర్సుల మీద, ఇతర వైద్యరంగ ఉద్యోగుల మీద దశాబ్దాలు సాగిన అధ్యయనాల్లోనూ లాభం రోజుకు ఐదు సర్వింగ్‌ల (సర్వింగ్ అంటే ఒకసారి వడ్డించుకునే కొలత) దగ్గరే ఆగింది: రెండు పండ్లవి, మూడు కూరగాయలవి.

మన ఇళ్ళలో ఎక్కువైపోతుందన్న భయం ఎలాగూ అక్కర్లేదు. కొండంత అన్నం, పక్కన గరిటెడు కూర. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన లెక్క మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు. నలుగురున్న ఇంటికి కూరగాయలే కిలోన్నర పైన! అరకిలో బెండకాయలతో రెండు పూటలూ గడిపే ఇంట్లో ఈ మాట చెబితే ముందు నవ్వుతారు, తర్వాత ధరలు గుర్తుచేస్తారు. అదీ నిజమే. పండ్లు కొనగలిగినవాళ్ళకు మంచి వైద్యమూ అందుతుంది కాబట్టి, ఇలాంటి అధ్యయనాల్లో కనిపించే లాభమంతా పండుదే అనుకోలేం.

అపోహ: షుగర్ ఉంటే పండు ముట్టకూడదు.

వాస్తవం: చైనాలో ఐదు లక్షల మందిని గమనించారు. వాళ్ళలో షుగర్ ఉండి, వారానికి మూడు రోజులకు మించి తాజా పండ్లు తిన్నవాళ్ళకు, అరుదుగా తిన్నవాళ్ళకంటే మరణ ముప్పు 17 శాతం తక్కువ. అలాగని రెండు బంగినపల్లులు ఒకేసారి లాగించమని కాదు. జామ, బొప్పాయి కొద్దికొద్దిగా తినండి, దానికి తగ్గట్టు అన్నం తగ్గించండి. పండు మానేసి అన్నం మారు వడ్డించుకునేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్.

అపోహ: జ్యూస్, ఆలూ వేపుడు కూడా లెక్కే.

వాస్తవం: కాదు. అమెరికా అధ్యయనాల్లో ఈ రెండింటికీ మరణాలు తగ్గడంతో సంబంధం కనబడలేదు.

అపోహ: ఖరీదైన పండులోనే బలం.

వాస్తవం: వంద గ్రాముల జామలో విటమిన్ సి 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, యాపిల్‌లో పది కూడా ఉండదు. జపాన్‌లో దీర్ఘాయుష్షుకు పేరుపడ్డ ఒకినావా పాతతరం కడుపు నింపిందీ ఏ అరుదైన పండో కాదు, చిలగడదుంప.